రెండు నెలల కామెర్లు

నా చిన్నప్పుడు మా తాతయ్య నన్ను ఒక బడికి రెండు నెలలు అరువిచ్చాడు. ఇచ్చింది ఆయనే, పుచ్చుకున్న బడీ ఆయనదే. మధ్యలో నన్నెవరూ అడగలేదు. ఎనిమిదేళ్ళ పిల్లను అడిగి పనులు చేసే అలవాటు మా ఇంట్లో లేదు. ఇప్పుడు ఎల్బీనగర్ ఫ్లాట్‌లో మా కొడుకూ కోడలూ నా మనవరాలిని ఏ బడిలో వేయాలా అని ఫోన్‌లో బడుల ఫోటోలు చూస్తూ వాదించుకుంటారు. ఈతకొలను ఉన్న బడి మంచిదా, గుర్రం ఎక్కించే బడి మంచిదా అని. సర్కారు బడి పేరు ఆ వాదనలోకి రానే రాదు. ఎటూ తేలనప్పుడు నా వైపు తిరిగి "అమ్మా, నువ్వు చెప్పు" అంటారు. నేను మజ్జిగ గ్లాసు ఎత్తుకుంటాను. బడి గురించి సలహా చెప్పడం ఎలా ఉంటుందో మా తాతయ్య దగ్గర చూశాను. నాకది చాలు.

మాది నల్గొండ వైపు పల్లె. తాతయ్య ఉద్యోగం మీద పట్నం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ వెనకున్న ఒక బస్తీలో ఇల్లు కట్టుకుని, కొన్నాళ్ళకు ఆ బస్తీ సర్కారు బడికే హెడ్‌మాస్టరయ్యాడు. బడి అంటే మూడు రేకుల గదులు, ముందు కొంచెం ఖాళీ జాగా, ఒక నల్లా. వాన గట్టిగా కురిస్తే రేకుల చప్పుడుకు పాఠం వినపడేది కాదు, అప్పుడు పిల్లలందరూ గొంతెత్తి ఎక్కాలు చదివేవాళ్ళు. బస్తీలో ఆయన్ని పెద్దసారు అనేవారు. జ్వరమొస్తే ఏ దవాఖానకు పోవాలి, కరెంటు ఆఫీసుకు అర్జీ ఎట్లా రాయాలి, పుట్టిన పిల్లకు ఏం పేరు పెట్టాలి, అన్నీ ఆయన్నే అడిగేవారు. ఆయన అందరికీ జవాబు చెప్పేవాడు. తెలియదు అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

అంతటి పెద్దసారు మనవరాలినై ఉండి నేను మాత్రం ఆయన బడిలో చదవలేదు. కొత్తపేట దాటాక, రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని, కోస్తా నుంచి వచ్చిన ఒక మేడం కాన్వెంటు నడిపేది. అందులో చదివాను. ఎర్ర గళ్ళ గౌను, టై, నల్ల బూట్లు, పోను రాను రిక్షా. అది మా అమ్మ పట్టుదల. తాతయ్య "కోడలి ముచ్చట" అని నవ్వి ఊరుకునేవాడు. బస్తీవాళ్ళు కూడా దాన్ని పట్టించుకోలేదు. సారు ఇల్లు వేరు, మన ఇల్లు వేరు అనుకునే రోజులవి. ఆ రోజులు మారడం మా ఎదురింటి నుంచే మొదలైంది.

ఎదురింట్లో పోచంపల్లి నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. చుట్టరికం లేకపోయినా వాళ్ళను నేను అత్తా మామా అనేదాన్ని. మామ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసేవాడు. అత్త ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. బస్తీ ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆమె చేతి మీదుగానే పోయేవి కాబట్టి, బస్తీలో ఏ ఇంటి సంగతైనా ఆమె మిషన్ దగ్గర కాసేపు కూర్చుని పోవాల్సిందే. వాళ్ళకు నా ఈడు కూతురు ఉండేది. తాతయ్య బడిలో రెండో తరగతి అయిపోయింది. లెక్కల్లో దాన్ని పట్టడం ఎవరి తరమూ కాదు. సారు బోర్డు మీద లెక్క రాసి సుద్దముక్క కింద పెట్టేలోపు అది పలక తిప్పి చూపించేది. నేను కాన్వెంటు నుంచి వచ్చాక ఇద్దరం వాళ్ళ అరుగు మీద గవ్వలాడుకునేవాళ్ళం. ఆటలో కూడా అదే గెలిచేది, నేను అలిగేదాన్ని.

ఆ ఎండాకాలం అత్త తన కూతుర్ని మూడో తరగతికి కాన్వెంటులో వేయాలని నిర్ణయించుకుంది. మేడంను కలిసి సీటు మాట్లాడుకుంది. ఎర్ర గళ్ళ గుడ్డ తెచ్చి, జూన్ ఇంకా రాకముందే గౌను కుట్టేసి, గోడకు కొట్టిన మేకుకు తగిలించింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆ గౌనును చూసేది, చేత్తో పట్టుకునేది, కాన్వెంటు ఎక్కడుందని అడిగేది. మేమిద్దరం ఒకే రిక్షాలో ఎవరు ఏ పక్క కూర్చోవాలో కూడా పంచుకున్నాం. ఎండ పడని పక్క నాకే కావాలని నేను, సరే నీకే అని అది.

అదే సమయానికి తాతయ్యకు ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. పిల్లలు తగ్గిపోతున్నారు, ఆగస్టులో ఆఫీసరు వచ్చి తలలు లెక్కపెడతాడు, అప్పటికి సరిపడా లేకపోతే బడిని ఎత్తేసి మలక్‌పేట వైపున్న బడిలో కలిపేస్తారు. అంటే బస్తీలో ఆరేళ్ళ పిల్లలు కూడా రోజుకు రెండుసార్లు విజయవాడ రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద లారీలు ఎట్లా పోయేవో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తాతయ్య భయం ఉత్తది కాదు. ఆయన ఆ కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆయన్ని తప్పుపట్టే ముందు నేను ఈ సంగతి ఎప్పుడూ గుర్తు చేసుకుంటాను, అయినా తప్పుపడతాను.

సరిగ్గా ఆ వారంలోనే అత్త మా ఇంటికి వచ్చింది. సీటు మాట్లాడుకుంది, గౌను కుట్టింది, ఇంక నేరుగా పంపేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ మా బస్తీలో పెద్దసారు చెవిన వేయకుండా ఎవరూ ఏ పనీ చేయరు. తీసుకున్న నిర్ణయమైనా ఆయన "కానియ్యి" అంటేనే వాళ్ళకు తృప్తి. అత్త గుమ్మం దగ్గర నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "సారూ, బిడ్డను గా కాన్వెంటుల ఏద్దామనుకుంటున్న. మీ మాట ఇనకుండ ఎట్ల ఏస్త? మీరేమంటరు?" అని అడిగింది. తాతయ్య కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. బడులు తెరిచే సోమవారం చెప్తానన్నాడు. ఆయన ఒక ప్రశ్నకు అక్కడికక్కడ జవాబు చెప్పకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

సోమవారం పొద్దున లేచి చూస్తే నా గౌను లేదు, బూట్లు లేవు. మంచం మీద నీలం లంగా, తెల్ల జాకెట్టు ఉన్నాయి. నేను కింద పడి దొర్లి ఏడ్చాను. అమ్మ నన్ను లేపి, తలకు నూనె పెట్టి, రెండు జడలు బిగించి వేసింది. ఆ కాన్వెంటు కోసం ఒకప్పుడు మూడు రోజులు పస్తుండి మరీ సాధించుకున్న మనిషి, ఆ పొద్దున ఒక్క మాటన్నా అనలేదు, ఒక్క చుక్క కన్నీరన్నా పెట్టలేదు. అది నాకు వింతగా తోచింది. ఏడుస్తూనే ఆమె ముఖం చూశాను, వంట సంగతి ఆలోచిస్తున్నట్టుగా ఉంది.

తాతయ్య నా చెయ్యి పట్టుకుని నేరుగా ఎదురింటికే తీసుకుపోయాడు. అత్త మిషన్ తొక్కడం ఆపింది. ఆయన నన్ను ముందుకు నిలబెట్టి, "ఇగో, నా మనుమరాలినే నా బడిల ఏసిన. ఇగ నిన్ను ఒద్దనాల్నా, కావాలనాల్నా, నువ్వే చూసుకో" అన్నాడు. ఎంత చక్కటి మాట. ఇప్పటికీ నాకు ఆ మాట పనితనం చూస్తే ఆశ్చర్యమే. ఒక్క అబద్ధం లేదు అందులో. అత్త నా లంగా చూసింది, ఏడ్చి ఉబ్బిన నా ముఖం చూసింది. ఈ పిల్ల ఏడుపు నిజమైనదని ఆమెకు అర్థమైంది, కాబట్టి సారు మాట కూడా నిజమే అనుకుంది. లేచి మేకుకున్న గౌనును తీసి మడతపెట్టింది. ఆమె కూతురు నా పక్కకొచ్చి నిలబడి, "మరి మనం రిక్షా ఎక్కమా?" అని అడిగింది.

ఆ తర్వాత వారం పది రోజులు తాతయ్య నన్ను గల్లీ గల్లీ తిప్పాడు. ప్రతి గుమ్మం ముందూ నా చేత పన్నెండో ఎక్కం చెప్పించేవాడు. ఆడవాళ్ళు నా బుగ్గ పట్టుకుని, సారు సొంత మనవరాలే పోతుంటే మనకేంది అనుకుని, పిల్లల పేర్లు రాయించేవారు. కాన్వెంటు చిరునామా అడిగి పెట్టుకున్న ఇళ్ళు కూడా వెనక్కి తగ్గాయి. సంతలో ఎద్దు పళ్ళు చూపించినట్టు నన్ను చూపించాడని పెద్దయ్యాక అనుకున్నాను. అప్పుడు మాత్రం నాకు గొప్పగానే ఉండేది, ఎక్కం తప్పు లేకుండా చెప్పాలని రాత్రి పడుకునే ముందు వల్లె వేసుకునేదాన్ని.

చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, ఆ రెండు నెలలూ నాకు బాగున్నాయి. తాతయ్య మంచి సారు. తరాజు తెచ్చి, రాళ్ళు పెట్టి తూకాలు నేర్పేవాడు. చాప మీద నేనూ ఎదురింటి పిల్లా పక్కపక్కన కూర్చునేవాళ్ళం. అత్త ఆ గౌనును వృథా పోనివ్వలేదు. విప్పి, కత్తిరించి, కూతురికి బడిసంచి కుట్టింది. ఎర్ర గళ్ళ సంచి, రెండు పట్టీలు, ముందు ఒక జేబు. బస్తీలో అంత అందమైన సంచి ఎవరికీ లేదు. నాకూ అలాంటిదే కావాలని అమ్మనడిగితే, "నీకెందుకులే" అంది. ఆ మాటలో ఏముందో నాకు తెలియలేదు.

ఆగస్టులో ఆఫీసరు వచ్చాడు. మమ్మల్ని ముందు జాగాలో వరసల్లో నిలబెట్టి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. చాలినంత మంది ఉన్నాం, ఇద్దరు ముగ్గురు ఎక్కువే ఉన్నాం. బడి నిలబడింది. ఆ సాయంత్రం తాతయ్య అందరికీ పుట్నాలు బెల్లం పంచి, ఎదురింటి పిల్ల తల మీద చెయ్యి వేసి, నీ వల్లే నిలబడింది అన్నాడు. అది నిజమే, ఆ పిల్ల తప్పుకుంటే దాని వెనక సగం బస్తీ తప్పుకునేది.

తర్వాతి సోమవారం పొద్దున మంచం మీద నా ఎర్ర గళ్ళ గౌను, టై, పాలిష్ చేసిన బూట్లు ఉన్నాయి.

నేను తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచే నన్ను చూసి, కాన్వెంటుకు కామెర్లని డాక్టరు చీటీ పంపామనీ, నా సీటు ఎక్కడికీ పోలేదనీ, సెలవు నిన్నటితో అయిపోయిందనీ చెప్పాడు. మేడం ఎట్లా ఉందని అడిగితే తగ్గిందని చెప్పాలట. మరి ఎదురింటి పిల్ల అని అడిగాను. "దానికేందే? దానికి బడి ఉన్నది గదా, నిలవెట్టిన గదా" అన్నాడు. తర్వాత కత్తి పక్కన పెట్టి, నురగ ముఖంతోనే నన్ను దగ్గరికి తీసుకుని, అంతమంది పిల్లలు లారీల రోడ్డు దాటకుండా ఆపానని, నా చదువు కూడా చెడలేదని, ఇందులో ఎవరికీ నష్టం లేదని నచ్చచెప్పాడు. ఆయన లెక్కల సారు. ఆ లెక్కలో ఒక తల తక్కువైందని నాకు ఎనిమిదేళ్ళకే తెలిసింది, ఆయనకు తెలియలేదంటే నేను నమ్మను.

గేటు తీసేసరికి ఎదురింటి పిల్ల రోజులాగే నా కోసం నిలబడి ఉంది, భుజానికి సంచి వేసుకుని. నా గౌనూ దాని సంచీ ఒకే గుడ్డ. అది నన్ను తల నుంచి బూట్ల దాకా చూసింది. సంచి పట్టీ సర్దుకుంది. రిక్షా వచ్చింది, నేను ఎక్కి, ఎండ పడని పక్క కూర్చున్నాను. రిక్షా మలుపు తిరిగేదాకా అది అక్కడే నిలబడి ఉండటం వెనక్కి చూడకుండానే నాకు తెలుస్తూ ఉంది.

కాన్వెంటులో నేను రోగం నుంచి లేచిన పిల్లను. నా నీళ్ళ సీసా ఎవరూ ముట్టుకునేవారు కాదు. టీచరమ్మ నన్ను ఆటలకు పంపేది కాదు. ఇంట్లో అమ్మ ఆ అబద్ధాన్ని నాకంటే శ్రద్ధగా సాకింది. నెల రోజులు నా డబ్బాలో ఉప్పూ కారం లేని పెరుగన్నమే పెట్టింది. నేను దాన్ని తింటూ నిజంగానే నీరసపడ్డాను. ఎవరైనా అడిగితే కళ్ళెట్లా పచ్చబడ్డాయో, పసరు ఎంత చేదుగా ఉందో కూడా చెప్పేదాన్ని. చెప్పేకొద్దీ రుచి పెరిగింది.

అత్త ఊరుకునే మనిషి కాదు. ముందు తాతయ్యను అడిగింది. ఆయన "పిల్లకు దాని నాయిన మాట గదమ్మా, నేనేం జేస్త" అని మా నాన్న మీదికి నెట్టాడు. ఆయన ముందు గొంతెత్తడం తెలియని మా నాన్న, పక్కన నిలబడి నేల చూశాడు. అత్త రెండు రోజులు మిషన్ తొక్కలేదు. మూడో రోజు కూతుర్ని వెంటబెట్టుకుని కాన్వెంటుకు వచ్చింది.

నన్ను తరగతిలోంచి ఆఫీసు గదికి పిలిపించారు. మేడం కుర్చీలో ఉంది. ఎదురుగా అత్త, అత్త చెయ్యి పట్టుకుని ఆమె కూతురు, భుజానికి ఆ సంచి. మేడం ఆ సంచినే చూస్తోంది. "మా యూనిఫాం గుడ్డతో సంచులు కుట్టుకుంటారేంటండీ మీరు?" అని అప్పటికే అడిగినట్టుంది, అత్త ముఖం మాడి ఉంది. సీట్లు నిండిపోయాయని, వచ్చే ఏడు ఇంగ్లీషు పరీక్ష పెట్టి చూస్తామని మేడం చెప్పింది. అప్పుడు అత్త నన్ను చూపించి, "గీ పిల్ల రెండు నెల్లు మా బిడ్డ పక్కకే సర్కారు బడిల కూసున్నది మేడం. దీన్ని మల్ల తీసుకున్నరు గదా. మా బిడ్డ దీనికంటె మంచిగ లెక్కలు జేస్తది. జర దాన్ని గూడ తీసుకోండ్రి" అంది.

మేడం నా వైపు తిరిగింది. "ఏమ్మా, ఇన్నాళ్ళూ నువ్వు గవర్నమెంటు బడికి వెళ్ళావా?"

భయం వేసింది, అది నిజం. కానీ భయం ఒక్కటే అని చెప్తే మళ్ళీ అబద్ధమాడినట్టే. ఆ గదిలో నా మాట చెల్లుతుందని, అత్త మాట చెల్లదని నాకు తెలిసింది. నా కాళ్ళకు బూట్లున్నాయి. గవ్వలాటలో రోజూ నన్ను ఓడించే పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. అదంతా నాకు బాగుందనిపించింది. "లేదు మేడం, నాకు కామెర్లొచ్చాయి" అన్నాను, కాన్వెంటు తెలుగులో, తడుముకోకుండా.

అత్త నోరు తెరిచింది. నన్ను కొట్టేదేమో, తిట్టేదేమో, లేక మేడం కాళ్ళ మీద పడేదేమో. ఏదీ కాకముందే ఆమె కూతురు చెయ్యి పట్టి లాగింది. "ఔనే అమ్మా. దానికి కామెర్లే ఒచ్చినయి. పా, పోదాం" అంది. మేడం అత్త వైపు చూసిన చూపు నేను చూశాను. పిల్ల సీటు కోసం ఎంత అబద్ధానికైనా తెగించే బస్తీ మనిషి అన్న చూపు అది. దానికి సాక్ష్యం చెప్పింది సొంత కూతురే. ఇద్దరూ మెట్లు దిగి పోయారు, అత్త ఒక మెట్టు మీద ఆగి చెప్పు సరిచేసుకుంది.

ఆ సాయంత్రం జరిగిందంతా తాతయ్యకు చెప్పాను. ఆయన కోప్పడితే బాగుండు అనుకున్నాను. ఒక దెబ్బ వేసినా బాగుండేది. ఆయన నా తల నిమిరి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. జేబులోంచి ఒక చాక్లెట్టు తీసి ఇచ్చాడు. నేను తిన్నాను కూడా. జీవితంలో ఆయన నన్ను చాలాసార్లు మెచ్చుకున్నాడు, ఆ ఒక్కటీ తప్ప మిగతావేవీ నాకు గుర్తు లేవు.

ఎదురింటి పిల్ల మరుసటి ఏడు ఇంగ్లీషు పరీక్ష రాసింది, తప్పింది. ఏబీసీడీలు సరిగ్గా నేర్పని బడిలో చదివిన పిల్ల తప్పక ఏం చేస్తుంది? తాతయ్య రిటైరైన రోజు బస్తీ అంతా చేరి శాలువా కప్పారు. బడిని కాపాడిన దేవుడన్నారు. ఆ మాటలోనూ అబద్ధం లేదు. బడిలో మొదటి మార్కులు ఎదురింటి పిల్లవే కాబట్టి పూలదండ దాని చేతే వేయించారు. దండ వేసి దిగిపోయింది, ముందు వరసలో కొత్త గౌనులో కూర్చున్న నన్ను దాటుకుంటూనే పోయింది. ఏడో తరగతి తర్వాత చదువు మానిపించారని విన్నాను. అప్పటికి మేము సొంత ఇల్లు అమ్మి సరూర్‌నగర్ వెళ్ళిపోయాం. నేను కాన్వెంటు ఇంగ్లీషుతోనే పరీక్షలు రాసి, బ్యాంకులో కొలువు తెచ్చుకుని, ఈమధ్యే రిటైరయ్యాను. బస్తీ వైపు మళ్ళీ పోలేదు. తీరిక లేదని చెప్పుకునేదాన్ని.

మొత్తానికి మా కొడుకూ కోడలూ గుర్రాల బడినే ఖాయం చేశారు. యూనిఫాం మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఫలానా దుకాణంలోనే కుట్టించాలని బడివాళ్ళు చీటీ ఇచ్చారు. వాళ్ళిద్దరికీ ఆఫీసులు, కాబట్టి మనవరాలిని తీసుకుని నేను వెళ్ళాను. మెట్రో స్తంభాల పక్క గల్లీలో దుకాణం. నాలుగు మిషన్లు, గోడ నిండా రకరకాల బడుల గౌన్లు, అన్నిటికీ పైన దండ వేసిన ఒక ఫోటో. ఫోటోలో ఉన్నది ఎదురింటి అత్త. దాని కింద మెడలో టేపు వేసుకుని, తల నెరిసిన మనిషి, అచ్చం అత్తలాగే దారాన్ని పళ్ళతో తెంపుతూ కూర్చుంది.

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ మనవరాలు అప్పటికే లోపలికి పరిగెత్తింది. ఆమె నా ముఖం చూసి, ఏ బడి అని అడిగింది, పిల్లను బల్ల ముందు నిలబెట్టుకుని కొలతలు తీయసాగింది. భుజం, ఛాతీ, పొడుగు. కొలతలన్నీ నోటితోనే చెబుతుంటే పక్క మిషన్ మీద అమ్మాయి రాసుకుంది. నన్ను గుర్తుపట్టలేదని నాకు ప్రాణం కుదుటపడింది. ఆమె టేపు మళ్ళీ మెడలో వేసుకుని, తల ఎత్తకుండా, "కామెర్లు తక్కువైనయా?" అని అడిగింది.

దుకాణంలో ఇంకో ఇద్దరు తల్లులు పిల్లలతో ఉన్నారు. నా మనవరాలు నన్నే చూస్తోంది. చెప్పాల్సిన మాట ఇన్నేళ్ళూ నా దగ్గర సిద్ధంగానే ఉంది. "నాకు కామెర్లు రాలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను, ఫోటోకు వినపడేలా.

"నాకెరుకే" అంది ఆమె. సుద్ద తీసుకుని గుడ్డ మీద గీత గీసింది. "అంచుకు రెండు ఇంచులు లోపలికి మడిచి పెడుత. పిల్ల పెరిగితె ఇప్పుకోవచ్చు, ఒచ్చే ఏడు గూడ పనికొస్తది. గురువారం రాండ్రి."

అంతే. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆ రోజు ఆఫీసు గదిలో ఎందుకలా అన్నావని నేనడగలేదు. నన్ను కాపాడటానికి అందో, నాలాంటిదాన్ని వాళ్ళమ్మ బతిమాలడం చూడలేక అందో, ఆమె చెప్పలేదు. మెట్లు దిగుతుంటే మనవరాలు కామెర్లంటే ఏంటి నానమ్మా అని అడిగింది. కళ్ళు పచ్చబడే రోగమని చెప్పాను. నీకు వచ్చిందా అని అడిగింది. రాలేదని చెప్పాను. మరి ఆవిడెందుకు అడిగింది అంటే, ఏదో పాత పరిచయంలే అని, ఆటో పిలిచి, దాన్ని ఎండ పడని పక్క కూర్చోబెట్టాను.

గురువారం గౌను తెచ్చుకున్నాను. ఒక్క దారం పోగు కూడా బయటికి లేదు. మడత లోపల రెండు ఇంచుల గుడ్డ, చెప్పినట్టే ఉంది. ఎవరైనా తమ పిల్లను ఏ బడిలో వేయాలని నన్నడిగితే, మా మనవరాలు ఎక్కడ చదువుతోందో ముందు చెప్తాను, ఆ తర్వాత ఇంకేమీ చెప్పను. మా తాతయ్య దగ్గర నేను నేర్చుకున్నది అంతవరకే. అత్త మాత్రం అబద్ధాలకోరుగానే ఆ మెట్లు దిగి వెళ్ళిపోయింది, నా మాట వెనక్కి తీసుకోవడానికి నేను వెళ్ళేసరికి ఆమె ఫోటో అయిపోయింది.